పన్నెండేళ్ల మల్లికి ఇల్లు దొరుకుతుందా?

ప్రశ్న: నమస్తే మేడం. మాది విశాఖపట్నం. సెలవు రోజుల్లో ఊరి చివర ఉన్న ఒక చిన్న జంతువుల షెల్టర్‌కి వెళ్లి సాయం చేస్తుంటాను. అక్కడ మల్లి అని పన్నెండేళ్ల ఆడ పిల్లి ఉంది. దాన్ని పెంచిన పెద్దావిడ పోయాక, ఆవిడ కొడుకులు ఇల్లు అమ్మేసి దీన్ని మా దగ్గర వదిలి వెళ్లారు. ఏడాది కావస్తోంది. వచ్చినవాళ్లంతా కూనల్నో, పర్షియన్ పిల్లుల్నో అడుగుతారు. మల్లి వయసు చెప్పగానే వెనక్కి తగ్గుతారు. "ఆరేళ్లని చెప్పెయ్, ఎవరికి తెలుస్తుంది?" అంటున్నారు తోటివాళ్లు. ఇంకొకాయన "ఫిషింగ్ హార్బర్ దగ్గర వదిలెయ్యండి, చేపలు తిని బతికేస్తుంది" అన్నారు. మా అమ్మేమో "ఈ వయసులో మళ్లీ చోటు మార్చడం పాపం, అక్కడే ఉండనివ్వు" అంటోంది. ఏం చేయాలో తోచక రాస్తున్నాను. మల్లి ఫోటో జత చేశాను. ఒకవేళ ఇల్లు దొరికితే, తర్వాత నేను వెళ్లి చూసి రావచ్చా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు హార్బర్ సంగతి తేల్చేద్దాం. ఆ మాట అన్నాయన చెడ్డ ఉద్దేశంతో అని ఉండరు. అక్కడ పిల్లులు బతుకుతున్నాయి కదా అనుకుని ఉంటారు. కానీ అవి అక్కడే పుట్టినవి. కుక్క వస్తే ఏ వలల గుట్ట కింద దూరాలో, బుట్ట దించేటప్పుడు ఎటు నిలబడాలో కూనలుగా ఉన్నప్పుడే నేర్చుకున్నాయి. బతుకంతా ఒకావిడ మంచం మీద పడుకున్న మల్లికి అవేవీ తెలియవు. అక్కడి పిల్లులు దాన్ని తమ జాగాలోకి రానివ్వవు కూడా. చేప ముక్క నోటికి అందేలోపే ఏ కుక్కకో, బండికో చిక్కుతుంది. పైగా పెంపుడు జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం. మళ్లీ ఎవరైనా ఆ సలహా ఇస్తే ఈ చట్టం పేరు చెప్పండి.

మీ అమ్మగారి మాట వేరు. ఆవిడ మల్లి మీద జాలితో అంటున్నారు. పిల్లికి తన చోటు మీద ఉండే మమకారం పెద్దదనే మాట నిజమే. అయితే షెల్టర్ మల్లి చోటు కాదు. దాని చోటు అమ్ముడుపోయింది. ఇప్పుడున్నది పక్క గదుల్లో కుక్కలు మొరిగే, వారానికో కొత్త జంతువు వచ్చే, కొత్త జబ్బులు అంటుకునే చోటు. అలవాటు పడిపోయింది అని మనం అనుకుంటాం, ఎందుకంటే పిల్లి తన బాధను బయటపెట్టదు. ఈసారి వెళ్లినప్పుడు కాసేపు దూరంగా కూర్చుని చూడండి. కళ్లు మూసుకుని ఉన్నా చెవులు చప్పుడు వచ్చినవైపల్లా తిరుగుతున్నాయా? నాలుగు కాళ్లూ కిందకి ముడుచుకుని, ఒళ్లు బిగబట్టి కూర్చుందా? అలా ఉంటే అది నిద్రపోవడం లేదు, కాపలా కాస్తోంది. నిజంగా నిశ్చింతగా నిద్రపోయే పిల్లి పక్కకి ఒరిగిపోతుంది, పొట్ట కనిపిస్తుంది, చెవులు సడలిపోతాయి.

కాబట్టి ఇల్లు వెతకడం పాపం కాదు. వెతక్కపోతేనే మల్లికి అన్యాయం. ఇల్లు దొరికేలోపు మాత్రం రేపే ఒక పని చేయండి. ఒక అట్టపెట్టెను పక్కకి పడుకోబెట్టి, పాత చీర ముక్క వేసి దాని గదిలో పెట్టండి. 2014లో నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు ఒక షెల్టర్‌కి కొత్తగా వచ్చిన పిల్లుల్లో కొన్నింటికి దాక్కునే పెట్టె ఇచ్చి, కొన్నింటికి ఇవ్వకుండా గమనించారు. పెట్టె ఉన్నవి చాలా త్వరగా కుదుటపడ్డాయి. ఖర్చు లేని పని, మీ షెల్టర్‌లో ఉన్న ప్రతి పిల్లికీ చేయొచ్చు.

ఇక వయసు దాచడం. వద్దమ్మా. తీసుకెళ్లినవాళ్లు వారం తిరక్కుండానే దాన్ని ఏ డాక్టరుకో చూపిస్తారు. పళ్లు, కళ్లు చూసి ఆయన "ఇది పదేళ్లు దాటిన పిల్లి" అనేస్తారు. మోసపోయామన్న కోపంలో వాళ్లు మల్లిని తెచ్చి మీ గుమ్మంలో దించి వెళ్తారు. అలా రెండుమూడు సార్లు జరిగిందంటే ఏ ఇంట్లోనూ అన్నం ముట్టని స్థితికి వస్తుంది. ఇంకో సంగతి. ఆరేళ్ల పిల్లి అనుకున్న ఇంట్లో అది నీళ్లు ఎక్కువగా తాగుతుంటే "ఎండలకి తాగుతోందిలే" అని ఊరుకుంటారు. పన్నెండేళ్లని తెలిసిన ఇంట్లో కిడ్నీలు చూపించాలని తడుతుంది. వయసు తెలియడమే దాని ప్రాణానికి రక్ష.

పశువైద్యుల లెక్కలో పదేళ్లు దాటిన పిల్లి పెద్దవయసుది. పన్నెండేళ్లను మనుషుల్లో అరవై నాలుగుతో పోలుస్తారు. మన ఇళ్లలో అరవై నాలుగేళ్లవాళ్లు పొద్దున్నే లేచి వాకింగ్ చేసి, కూరగాయలు తెచ్చి, మనవల్ని బడికి దింపుతున్నారు కదా! ఇంటిపట్టున ఉండే పిల్లి పదిహేనేళ్లు బతకడం మామూలే, పద్దెనిమిది ఇరవై వరకు వెళ్లేవీ ఉన్నాయి. అడిగినవాళ్లకు ఇంత వివరంగా చెప్పండి. "ముసలి పిల్లి" అన్న ఒక్క మాటతో ఊరుకుంటే, రేపో మాపో పోయే పిల్లి అనుకుంటారు.

అసలు చిక్కు ఎక్కడుందో చెప్తాను. మీరు ఇన్నాళ్లూ మల్లిని చూపించింది కూనల కోసం వచ్చినవాళ్లకి. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆడుకోవడానికి పిల్లి కావాలి, కొత్తగా పెళ్లయినవాళ్లకి తమ చేతుల్లో పెరిగే కూన కావాలి. అందులో తప్పులేదు. కానీ వాళ్లలో మల్లి మనిషి లేరు. మల్లి మనిషి షెల్టర్‌కి రారు. మనమే వెతుక్కుంటూ వెళ్లాలి.

వాళ్లెలా ఉంటారంటే, పిల్లలు హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో స్థిరపడి, ఇద్దరే మిగిలిన దంపతులు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా నిశ్శబ్దం. ఒక పిల్లిని తెచ్చుకుందామని వాళ్లకీ ఉంటుంది. "కూన తెచ్చుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది. మాకు ఇప్పుడే డెబ్భై. మేం పోతే దాన్నెవరు చూస్తారు?" అని ఆగిపోతారు. వాళ్లు భయపడేది అక్షరాలా మల్లికి జరిగినదే. అలాంటి ఇంటికి పన్నెండేళ్ల పిల్లి సరిగ్గా సరిపోతుంది. కూన తెల్లవారుజామున కాళ్లకి అడ్డంపడుతూ పరుగులు పెడుతుంది. తుంటి ఎముక విరిగితే మంచాన పడే వయసులో అది చిన్న విషయం కాదు. మల్లి అలా చేయదు. దాని అలవాట్లన్నీ ఏర్పడిపోయాయి, ఎలాంటిదో ముందే చెప్పగలం.

ఆ దంపతుల భయం తీరడానికి ఒక కాగితం కావాలి. "మీకు ఎప్పుడు వీలుకాకపోయినా, ఆసుపత్రిలో చేరినా, ఊరు మారినా మల్లిని మేమే తిరిగి తీసుకుంటాం" అని షెల్టర్ తరఫున రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. మీ నంబరు, ఇంకొకరి నంబరు రాయండి. నోటిమాట చాలదు, పెద్దవాళ్లు కాగితాన్ని నమ్ముతారు. వాళ్ల పిల్లలు ఫోన్లో "ఇప్పుడెందుకమ్మా ఈ తలనొప్పి?" అంటే చూపించడానికి కూడా అదే పనికొస్తుంది.

వీళ్లు కాక ఇంకో రకం మనుషులు ఉన్నారు. పెంచిన పిల్లి పోయి కొన్ని నెలలైనవాళ్లు. ఇంకో కూన మీద మనసు పోదు, ఖాళీ గిన్నె చూస్తే ఏడుపొస్తుంది. పెద్ద పిల్లికి మందు ఎలా వేయాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి పరుగెత్తాలో వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. మీ ఊళ్లో పెంపుడు జంతువుల డాక్టర్లకి ఇలాంటివాళ్లు బాగా తెలుసు. వాళ్ల క్లినిక్ గోడ మీద మల్లి ఫోటో అంటించమని అడగండి. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపులు, పెన్షనర్ల సంఘాలు, పొద్దున్నే బీచ్ రోడ్డులో నడిచే బృందాలు, స్టీల్ ప్లాంటులోనూ పోర్టులోనూ చేసి రిటైరైనవాళ్లు, వీళ్లందరికీ వెళ్లాలి ఆ ఫోటో.

వీటన్నిటికంటే ముందు ఇంకో చోటు ఉంది. ఆ పెద్దావిడ ఉన్న వీధి. అక్కడ ఎవరినైనా అడిగారా? ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్న పిల్లి వీధిలో సగం మందికి తెలిసే ఉంటుంది. చేపలు కడిగినప్పుడు తలకాయలు వేసిన పక్కింటావిడ, పెద్దావిడ ఊరెళ్తే పాలు పోసిన పైవాటా వాళ్లు, పనిమనిషి. "మల్లి షెల్టర్‌లో ఉందా? కొడుకులు తీసుకెళ్లారనుకున్నాం" అనేవాళ్లు తగలొచ్చు. తీసుకోకపోయినా, అది ఏం తింటుందో, ఏ పేరుతో పిలిస్తే వస్తుందో, కుక్కలంటే భయమో కాదో వాళ్లు చెప్పగలరు. ఆ కొడుకులకీ ఒకసారి ఫోన్ చేసి టీకాల కాగితాలు, పాత మందుల చీటీలు ఉంటే పంపమనండి. కోపం పక్కన పెట్టి మర్యాదగా అడగండి, మల్లికి అవి కావాలి.

ప్రకటన పెట్టేముందు డాక్టరుకి చూపించాలి. మూత్రం పరీక్ష, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో సహా రక్త పరీక్ష, థైరాయిడ్, వీలైతే బీపీ. ఈ వయసు పిల్లుల్లో ఎక్కువగా కనిపించేది కిడ్నీ జబ్బు. నీళ్లు ఎక్కువ తాగడం, మూత్రం ఎక్కువ పోయడం, బరువు తగ్గడం దాని గుర్తులు. బాగా తింటూనే చిక్కిపోతుంటే థైరాయిడ్ అనుమానించాలి. బీపీ పెరిగితే ఉన్నట్టుండి చూపు పోవచ్చు. ఎఫ్‌ఐవీ, ఎఫ్‌ఈఎల్‌వీ అని ఒక పిల్లి నుంచి ఇంకో పిల్లికి అంటుకునే వైరస్‌లు ఉన్నాయి, వాటి పరీక్ష కూడా చేయించండి. కొత్త ఇంట్లో ఇంకో పిల్లి ఉంటే అది తెలియకుండా పంపకూడదు. పళ్లు పుచ్చిపోయి ఉంటే తీయించేయండి. పళ్లు లేని పిల్లి తినలేదని భయపడతారు గానీ, నొప్పి పళ్లున్న పిల్లే తినలేదు. నొప్పి పోయాక శుభ్రంగా తింటుంది.

మీరు పంపిన ఫోటోలో నాకు ఇంకోటి కనిపించింది. ముందు కాలి గోరు ఒకటి కొక్కెంలా వంకీ తిరిగి ఉంది. వయసు మీదపడ్డ పిల్లి గోళ్లను గీరి అరగదీసుకోలేదు. అవి మందమై, గుండ్రంగా పెరిగి అరికాలి మెత్తలోకే దిగుతాయి. మల్లి నేల మీద నడుస్తుంటే టక్‌టక్‌మని చప్పుడు వస్తోందా వినండి. పాదాన్ని వేళ్ల మధ్య మెల్లగా నొక్కితే గోరు బయటికి వస్తుంది, కొన మాత్రం తుంచాలి. లోపల గులాబీ రంగులో కనిపించేది రక్తనాళం, దాని జోలికి పోకూడదు. మెత్తలోకి దిగి ఉంటే మాత్రం మీరు ముట్టుకోకండి, డాక్టరే తీయాలి. అలాగే నడుం మీద వెంట్రుకలు చిక్కుపడి ఉన్నాయి. అంటే అక్కడికి మెడ తిప్పి నాక్కోలేకపోతోంది, కీళ్ల నొప్పి ఉండొచ్చు. అమెరికాలో పన్నెండేళ్లు దాటిన 100 పిల్లుల ఎక్స్‌రేలు చూసి 2002లో రాశారు, అందులో 90 పిల్లులకి కీళ్ల అరుగుదల ఉంది. డాక్టరుకి ఇది ప్రత్యేకంగా చెప్పండి.

ఫలితాలు ఏవి వచ్చినా ప్రకటనలో రాయండి. జబ్బు ఉందని తెలిస్తే రారేమో అని టెన్షన్ పడకండి. ఖర్చు ఎంతవుతుందో తెలియకపోవడమే వాళ్లని ఎక్కువ భయపెడుతుంది. నెలకి మందులకీ తిండికీ ఎంతవుతుందో డాక్టరుని అడిగి ఆ అంకె వేసేయండి. మీ షెల్టర్‌కి వచ్చేవాళ్లలో "మా ఇంట్లో పిల్లిని పెట్టుకోలేం గానీ డబ్బు సాయం చేస్తాం" అనేవాళ్లు ఉంటారు. వాళ్లలో ఒకరిద్దరిని మల్లి మందుల ఖర్చుకి ఒప్పించండి. పెన్షన్ మీద బతికేవాళ్లకి ఆ భరోసా చాలా పెద్దది.

ఫోటో మార్చండి. ఇప్పుడున్నదాంట్లో ముందు కనిపించేది ఊచలు. మల్లిని గదిలోంచి తీసి, కిటికీ వెలుతురులో, ఎవరి ఒళ్లోనైనా కూర్చోబెట్టి, ఫోన్‌ని దాని కళ్ల ఎత్తులో పెట్టి తీయండి. రాసేది ఇలా ఉంటే బాగుంటుంది:

"మల్లి. పన్నెండేళ్లు. ఆడ పిల్లి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. పెంచిన బామ్మగారు పోయారు. రోజంతా ఇంట్లోనే ఉంటుంది. ఒళ్లో కూర్చోవడం ఇష్టం, ఎత్తుకుంటే ఇష్టం లేదు. పరుపు పాడుచేయదు, ఇసుక ట్రేలోనే వెళ్తుంది. కీళ్ల నొప్పి ఉంది, మందు వాడుతోంది. కుక్కలున్న ఇంటికి ఇవ్వలేం. ముందు నెల రోజులు ఉంచుకుని చూడండి, కుదరకపోతే మేమే వచ్చి తీసుకెళ్తాం."

ఇందులో నాకు తెలియనివి మీరు సరిచేసుకోండి. "పాపం", "దయచేసి", "ఎవరూ లేరు" అని మాత్రం రాయకండి. జాలితో తీసుకెళ్లినవాళ్లకి వారంలో జాలి తీరిపోతుంది. చివరి వాక్యం తప్పకుండా ఉంచండి. నెల రోజులు అన్న మాటతో చాలామంది తలుపు తీస్తారు.

ఎవరైనా ముందుకొస్తే ఇంటికి వెళ్లి చూడండి. బాల్కనీకి నెట్ ఉందా, వీధి తలుపు ఎప్పుడూ బార్లా తెరిచి ఉంటుందా అన్నవి చూస్తారు, సరే. నేను ముఖ్యంగా అడిగేది పగలంతా ఇంట్లో ఉండేది ఎవరు అని. కోడలికి పిల్లంటే ప్రాణం, అత్తగారికి పిల్లి ఎదురొస్తే అపశకునం అనుకోండి. కోడలు ఆఫీసుకి వెళ్లాక మల్లి గతేమిటి? ఆ అత్తగారితో కూడా నేరుగా మాట్లాడాలి, ఆవిడ మనస్ఫూర్తిగా సరేనంటేనే ఇవ్వాలి. "ఎలకలు ఎక్కువయ్యాయండీ, అందుకే పిల్లి కావాలి" అనేవాళ్లకి అసలే వద్దు. మల్లి ఎలకల్ని పట్టదు. ఆ ఇంట్లో ఎలకల మందు పెట్టి ఉండే ప్రమాదమూ ఉంది.

అప్పగించే రోజు గురించి కాస్త వివరంగా చెప్పాలి. దీపావళి ముందు పది రోజులు వద్దు, మొదటి టపాకాయకే మంచం కిందకి దూరి వారం రోజులు రాదు. ఎండాకాలమైతే మిట్టమధ్యాహ్నం ప్రయాణం పెట్టుకోకండి. మల్లి పడుకునే గుడ్డను ఉతక్కుండా అలాగే పంపండి, దాని వాసనే దానికి తెలిసిన ఇల్లు. షెల్టర్‌లో ఇసుక వాడుతుంటే అక్కడా ఇసుకే పోయమనండి. ట్రే అంచు ఎత్తు తక్కువగా ఉండాలి, కీళ్ల నొప్పితో ఎత్తైన అంచు దాటలేకే చాలా పిల్లులు బయట పోస్తాయి, దానికి తిట్లు తింటాయి. మొదట ఒక్క గది చాలు. అదే అట్టపెట్టె, నీళ్లు, తిండి, తిండికి దూరంగా ట్రే. మంచం ఎక్కడానికి ఒక పీట. ఇల్లంతా చూపించడం, చుట్టాలందరూ వచ్చి ఎత్తుకోవడం వద్దు. వాళ్లు ఆ గదిలో కూర్చుని పేపరు చదువుకుంటూ ఉంటే చాలు, మల్లే వాసన చూసుకుంటూ వస్తుంది.

వాళ్లు ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోవాలి. పెద్ద పిల్లి తిండి మానేస్తే ఎదురు చూడకూడదు. ఒక రోజంతా ఏమీ ముట్టకపోతే మీకు ఫోన్ చేయాలి, రెండో రోజూ అంతే అయితే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పిల్లి కొన్ని రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి ప్రాణం మీదకి వస్తుంది. ఉప్పు వేయకుండా ఉడికించిన నెత్తళ్లు రెండు, గోరువెచ్చగా అన్నం మీద నలిపి పెడితే ఆ వాసనకి చాలా పిల్లులు నోరు కదుపుతాయి. ఎండు నెత్తళ్లు వద్దు, అందులో ఉప్పు ఎక్కువ. రోజూ పెరుగన్నంతో సరిపెడతామనేవాళ్లకీ నచ్చజెప్పండి. పిల్లి మాంసాహారి, టారిన్ అనే పదార్థం మాంసం, చేపల్లోంచే దానికి అందాలి. అది లేకపోతే గుండె, కళ్లు దెబ్బతింటాయి. తిండి మార్చాలనుకుంటే వారం పది రోజుల మీద కొంచెం కొంచెంగా మార్చాలి.

మందుల సంగతి ఎర్ర సిరాతో రాసి ఇవ్వండి. పిల్లికి ఒళ్లు వేడిగా ఉందని డోలో ముక్క వేసేవాళ్లు మన ఇళ్లలో ఉన్నారు. పారాసిటమాల్ ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. కుక్కల మెడ మీద వేసే పేలమందుల్లో పెర్మెత్రిన్ ఉంటే అదీ పిల్లికి విషమే. బీరువాలోని కలరా ఉండలు కూడా దానికి అందకూడదు.

ఇంత చేసినా ఇల్లు దొరకడానికి కొన్ని నెలలు పట్టొచ్చు. ఆలోపు మీ తోటి వలంటీర్లలో ఎవరింట్లోనైనా ఒక గదిలో ఉంచగలరేమో చూడండి. ఇంట్లో ఉన్న పిల్లి ప్రవర్తన గురించి చెప్పగలిగినంతగా, షెల్టర్ గదిలోని పిల్లి గురించి చెప్పలేం. అలా ఉంచుకున్నవాళ్లే ఇక పంపలేమని అట్టేపెట్టేసుకోవడం కూడా తరచూ జరిగేదే. డాక్టరు పరీక్షలో జబ్బు బాగా ముదిరిందని తేలితే, అప్పుడు కొత్త మనుషుల కోసం వెతకడం ఆపి, తెలిసినవాళ్ల ఇంట్లోనే దాన్ని సుఖంగా చూసుకోండి. అది మీ అమ్మగారు చెప్పిన మాటకి దగ్గరగా ఉంటుంది, ఆవిడా సంతోషిస్తారు.

చూసి రావచ్చా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి, కానీ మొదటి నెల వద్దు. మీ వాసన, మీ గొంతు తగలగానే షెల్టర్ గుర్తుకొచ్చి దాక్కోవచ్చు. అప్పుడే కుదురుకుంటున్న కొత్తవాళ్లకీ మనసు చిన్నబోతుంది. ఆ నెలంతా ఫోటోలు అడగండి, నెలకోసారి బరువు చూసి చెప్పమనండి. మనిషి పిల్లిని ఎత్తుకుని బరువు చూసుకుని, తర్వాత ఒక్కరే నిలబడి చూసుకుంటే తేడా తెలిసిపోతుంది. రెండు నెలలు వరుసగా తగ్గితే డాక్టరుకి చూపించమని ఇప్పుడే చెప్పి ఉంచండి. నెల దాటాక మీరు వెళ్లినప్పుడు మల్లి మీ దగ్గరికి రాకుండా వాళ్ల కుర్చీ కిందే కూర్చుందనుకోండి, బాధపడకండి. పిలవకండి కూడా. వాళ్లిచ్చిన కాఫీ తాగి, గోళ్లు ఎలా ఉన్నాయో చూసి రండి.